ఇరవై రెండు స్టీల్ ఫ్రెట్ల కోసం సికింద్రాబాద్ దాకా

నా గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల్లో, అంటే ఫ్రెట్లలో, మూడోదాని మీద రెండో తీగ కింద గాడి పడింది. గోరు పెట్టి జరిపితే అందులో ఆగేది. అక్కడ బెండ్ చేస్తే, అంటే స్వరం పెంచడానికి తీగను పక్కకు లాగితే, అది గరగరమంటూ గాడి ఎక్కి దిగేది, స్వరం సగంలోనే చచ్చిపోయేది. ఆదివారం కాజీపేట ఫాతిమానగర్‌లో క్వాయర్, సీజన్ వస్తే పెళ్లి ఆర్కెస్ట్రా. ఏడేళ్లుగా రెండింటికీ ఇదే గిటార్. అరగకుండా ఎలా ఉంటుంది?

మొదట ఊళ్లోనే ఒకాయనకు ఇచ్చాను. ఆకురాయితో అన్నీ సమంగా రాకి ఇచ్చాడు. గాడులు పోయాయి గానీ ఫ్రెట్ల తలలు బల్లపరుపుగా మిగిలాయి. ఫ్రెట్ తల గుండ్రంగా ఉంటేనే తీగ సరిగ్గా నడినెత్తిన ఆనుతుంది. చదునైపోతే ముందు అంచుకు ఆని, శ్రుతి కాస్త పెరిగి, సితార్‌లా జీర వస్తుంది. నాకు రెండూ వచ్చాయి. పైగా కొన్నిచోట్ల ఫ్రెట్ ఎత్తు 0.7 మిల్లీమీటర్లకు దిగింది. ఇంకోసారి రాకడానికి లోహమే లేదు. అన్నీ పీకి కొత్తవి వేయించాల్సిందే.

అప్పుడు మొదలైంది ఏ లోహమన్న ప్రశ్న. మామూలు ఫ్రెట్లు నికెల్ సిల్వర్‌వి. పేరులో తప్ప అందులో వెండి ఉండదు. రాగి, జింకు, 18 శాతం దాకా నికెల్. పూజ పళ్లేలకు వాడే జర్మన్ సిల్వర్ కూడా ఈ జాతిదే. రాగి ఉంది కాబట్టి చెమట తగిలితే నల్లబడుతుంది, పచ్చగా చిలుం పడుతుంది. మే నెలలో ఫంక్షన్ హాల్ బయట, షామియానా కింద మూడు గంటలు వాయించే చేతికి ఇది చిన్న విషయం కాదు. కాఠిన్యం వికర్స్ కొలతలో చూస్తే నికెల్ సిల్వర్ సుమారు 200, బంగారు రంగులో ఉండే ఈవో మిశ్రమం 250, స్టెయిన్‌లెస్ స్టీల్ 300. సన్న తీగలు ఉక్కువే కదా, వాటి కింద మెత్తటి ఫ్రెట్ ఎంతకాలం నిలుస్తుంది?

స్టీల్ వేస్తే సౌండ్ గాజులా మోగుతుందని భయపెట్టినవాళ్లు చాలామందే ఉన్నారు. 1990లలో వచ్చిన పార్కర్ ఫ్లై గిటార్లకు అప్పుడే స్టీల్ ఫ్రెట్లు. వాటిని కోరి కొనుక్కున్నవాళ్లున్నారంటే సౌండ్ అంత ఘోరంగా ఉండదని ధైర్యం తెచ్చుకున్నాను. నాకు అసలు లెక్క వేరే. మంచి చేయి కావాలంటే ఇక్కణ్నుంచి సికింద్రాబాద్ పోవాలి, నూట ముప్పై కిలోమీటర్లు. గిటార్ అక్కడ వారం ఉంటే ఇక్కడ ఒక పెళ్లి పోతుంది. పక్కవీధిలో రిపేర్ ఉన్నవాడికి నికెల్ చాలు. మనలాంటి ఊళ్లవాళ్లకు అరగని ఫ్రెట్టే కావాలి.

పొద్దున రైలుకు గిటార్ తీసుకుని సికింద్రాబాద్‌లో గిటార్లు బాగుచేసే ఒకన్న దగ్గరికి పోయాను. ఆయన గిటార్ వైపు చూడనే లేదు. "ముందు వాయించు తమ్మీ" అన్నాడు. రెండు నిమిషాలు విని, "గట్టిగ నొక్కుతవు నువ్వు. జంబో వేస్తే ప్రతి కార్డూ శ్రుతి తప్పుతది" అన్నాడు.

ఫ్రెట్ మరీ ఎత్తుగా ఉంటే, గట్టిగా నొక్కినప్పుడు తీగ సాగి, కార్డులో, అంటే కలిపి మోగించే స్వరాల్లో, శ్రుతి పెరిగిపోతుందట. నేను అడగాలనుకున్నది ఆ పెద్ద సైజు జంబోనే. 2.8 మిల్లీమీటర్ల వెడల్పు, 1.45 ఎత్తు. ముందుముందు అరగదీయడానికి లోహం మిగులుతుందని నా ఆలోచన. ఆయన ఆ మాటనే తిప్పి చెప్పాడు. అరిగే లోహమైతే రేపటికోసం ఎత్తు దాచుకోవాలి, స్టీల్‌కు ఆ అవసరం లేదు, నీ చేతికి ఏ ఎత్తు సుఖమో అదే వేసుకో అన్నాడు. నెలలపాటు లోహం గురించే బుర్ర బద్దలు కొట్టుకున్నాను గానీ, వేలికి తెలిసేది సైజు. తన దగ్గరున్న రెండు గిటార్లు నా చేతికిచ్చాడు. 2.4 వెడల్పు, 1.2 ఎత్తు ఉన్నదాని మీద నా జీ కార్డు శుభ్రంగా పలికింది. అదే ఖాయం చేశాం.

కూలి మామూలు దానికంటే ఎక్కువే. ఎందుకో చూస్తే అర్థమైంది. పాత ఫ్రెట్‌కు సోల్డరింగ్ ఐరన్‌తో వేడి పెట్టి, అది దిగిన రోజ్‌వుడ్ బోర్డు పెచ్చులు లేవకుండా మెల్లగా పీకాడు. స్టీల్ ఫ్రెట్ కడ్డీని వంచితే కొంత వెనక్కి విచ్చుకుంటుంది, అందుకని బోర్డు వంపు కంటే కాస్త ఎక్కువే వంచాలి. కట్టర్లు, ఆకురాళ్లు త్వరగా మొండిబారతాయి. గుండ్రం చేసి, 2000 నంబర్ ఎమరీ దాకా నునుపు పెట్టడానికే రోజంతా పడుతుందన్నాడు.

తొమ్మిది రోజులకు తెచ్చుకున్నాను. ఆంప్ (ఆంప్లిఫయర్) లేకుండా వాయిస్తే కొంచెం తేటగా ఉంది. ఆంప్ పెట్టాక నాకైతే తేడా తెలియలేదు. బెండ్ చేస్తే మాత్రం తీగ నూనె మీద జారినట్టు పోతోంది. మొదటి వారం స్వరాలు దాటిపోయేంతగా జారింది, చేయి మళ్లీ మచ్చిక చేసుకోవాల్సి వచ్చింది. పద్నాలుగు నెలలైంది, ఎక్కడా గోరు ఆగడం లేదు.

ఒక్కసారే మళ్లీ పోవాల్సి వచ్చింది. ఏప్రిల్ ఎండలకు చెక్క ఎండి కుంచించుకుపోయి, ఫ్రెట్ కొసలు అంచు దాటి అరచేతికి గుచ్చుకున్నాయి. ఇది చెక్క సంగతి, ఏ లోహమైనా ఇంతే. స్టీల్ కొస కాబట్టి ఇంకా పదునుగా తగిలింది. అన్న గంటసేపు కూర్చుని ఒక్కో కొసా రాకి, బొటనవేలితో తడిమి చూసి ఇచ్చాడు. సాయంత్రం బండికి కాజీపేటలో దిగి, నేరుగా క్వాయర్ ప్రాక్టీస్‌కు పోయాను.