ఓర్కా పడవను తెర మీద కొలవడం

1975లో విడుదలైన జాస్ చిత్రంలో సొరచేపల వేటగాడు క్వింట్ నడిపే పడవ పేరు ఓర్కా. దానికి 1:24 నిష్పత్తిలో చెక్క నమూనా చేయాలని నిరుడు సంకల్పించుకున్నాను. రంపం చేతికి రాకముందే ఏడు నెలలు కొలతలకే ఖర్చయ్యాయి. ఆ కాలంలో ఎక్కువ భాగం నా తప్పులను నేనే వెదికి పట్టుకోవడంలో గడిచింది కనుక, వాటి గురించే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను.

ఓర్కా సినిమా కోసం కొత్తగా కట్టిన పడవ కాదు. అంతకుముందు దాని పేరు వార్లాక్, అది లాబ్‌స్టర్లు పట్టే పడవ. 1974లో అమెరికాలోని మార్తాస్ వినియార్డ్ ద్వీపం దగ్గర చిత్రీకరణ జరిగినప్పుడు, ప్రొడక్షన్ డిజైనర్ జో ఆల్వెస్ దానికి ఎత్తైన స్తంభం, ముందుకు పొడుచుకు వచ్చిన వేట వంతెన, పెద్ద పెద్ద కిటికీల గది అమర్చి రూపం మార్చేశారు. కాబట్టి అలాంటి పడవల నిర్మాణ పటాలు ఏవైనా దొరికినా, అవి డెక్కు కింది భాగానికి మాత్రమే పనికివస్తాయి. పడవ మునిగే సన్నివేశాల కోసం అసలు పడవ ఒంటి నుంచి అచ్చు తీసి, ఫైబర్‌గ్లాస్‌తో ఓర్కా 2 అనే నకలు కూడా తయారుచేశారు. తరువాతి కాలంలో అసలు పడవ కాలిఫోర్నియాలోని స్టూడియో ఆవరణలో ఉండి ఉండి ముక్కలైపోయింది, నకలును జ్ఞాపికల కోసం వచ్చినవారు కొంచెం కొంచెంగా ఊడబెరుక్కుపోయారు. ఈనాడు టేపు పట్టి కొలవడానికి ఈ రెండింటిలో ఏదీ మిగలలేదు. మిగిలింది తెర ఒక్కటే.

పడవ పొడవు 42 అడుగులు అన్న అంకె అందరూ చెప్పేదే. 1:24లో ఒక అడుగు 12.7 మిల్లీమీటర్లు అవుతుంది కనుక 42 అడుగులంటే 533 మిల్లీమీటర్లు. ఇంతవరకు లెక్క చిన్నపిల్లలు కూడా చేయగలిగినదే. అయితే ఆ 42 ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్నదే అసలు ప్రశ్న. మన తీరంలో జాలర్లు పడవ ముందుభాగాన్ని అణియం అని, వెనుకభాగాన్ని అమరం అని అంటారు. అణియానికి ముందు పొడుచుకు వచ్చిన వేట వంతెనను కూడా కలిపి కొలిచామా, వదిలేశామా అన్నదాన్ని బట్టి మిగతా కొలతలన్నీ మారిపోతాయి. వేట వంతెన సినిమా కోసం తరువాత తగిలించినది కనుక, పడవ కొన్ననాటి అంకెలో అది చేరే అవకాశం లేదని భావించి, అణియం మొన నుంచి అమరం పలక వరకు ఉన్న దూరాన్నే 42 అడుగులుగా తీసుకున్నాను. నమూనాలో ఇక ప్రతి కొలత ఈ ఒక్క నిర్ణయం మీదనే నిలిచింది.

నా మొదటి తప్పు చాలా మొరటైనది. మా మేనమామ అమెరికా నుంచి తెచ్చిన పాత డీవీడీలోంచి చిత్రాలను ఆపి తీసుకొని, డెక్కు మీద నిలబడిన మనిషి ఎత్తును కొలబద్దగా పెట్టుకొని పడవ పొడవు లెక్క వేస్తే, 35 అడుగుల పైచిలుకు మాత్రమే వచ్చింది. రెండు వారాల పాటు, 42 అన్న అంకే తప్పని నమ్మాను. పడవ ఎటు తిరిగి ఉన్నా, నీటి మీద తేలే పసుపు పీపాల గుండ్రటి మూతలు సన్నబడి, నిలువుగా సాగినట్లు కనిపించడం గమనించాక గాని అసలు సంగతి బయటపడలేదు. ఆ డీవీడీలో ఒక్కొక్క చిత్రం 720 అడ్డు, 480 నిలువు చుక్కలతో నిక్షిప్తమై ఉంటుంది, చూపేటప్పుడు యంత్రం దానిని 853 అడ్డానికి సాగదీస్తుంది. నేను వాడిన సాఫ్ట్‌వేర్ ఆ సాగతీత చేయకుండానే ముడి చిత్రాన్ని నాకు ఇచ్చింది. 720ని 853తో భాగిస్తే 0.844 వస్తుంది, 42ను దానితో గుణిస్తే 35.4 అడుగులు. నిలువు కొలత సరిగానే ఉంది, అడ్డం కొలత మాత్రమే కుదించుకుపోయింది. ఈ సినిమాను అనామార్ఫిక్ కటకాలతో తీశారు. అంటే ఫిల్ముపై బొమ్మను అడ్డంగా సగానికి నొక్కి, థియేటరులో మళ్లీ విప్పుతారు. సినిమా హాలులో విప్పిన దానిని డీవీడీ ఇంకొకసారి నొక్కింది, నేను ఆ రెండో నొక్కును విప్పడం మరచిపోయాను. బ్లూరే చిత్రంలో చుక్కలు చతురస్రాలే కనుక ఆ బాధ లేదు. అందుకే అప్పటి నుంచి దానినే వాడుతున్నాను.

బ్లూరేలో పడవ 1200 చుక్కల వెడల్పున కనిపించే దృశ్యం దొరికితే, ఒక్కో చుక్క అసలు పడవ మీద అంగుళంలో సగం కన్నా తక్కువ. అంచుల మసక మూడు నాలుగు చుక్కలు ఉంటుంది కనుక ఒకటిన్నర అంగుళం వరకు పొరపాటు తప్పదు. నమూనాలో అది మిల్లీమీటరున్నర, అంతవరకు ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది పడవ పక్కకు తిరగడం. కెమెరాకు సరిగ్గా అడ్డంగా ఉండవలసిన పడవ 20 డిగ్రీలు తిరిగితే పొడవులో 6 శాతం పోతుంది, 10 డిగ్రీలే అయితే ఒకటిన్నర శాతం. అమరం పలక కాస్త కనిపించినా, గది ముందు గోడ కనిపించినా ఆ దృశ్యాన్ని పక్కన పెట్టేశాను. చివరికి మిగిలినవి చాలా కొద్ది.

నటుల ఎత్తు మీద ఆధారపడటం నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు. ప్రచురితమైన ఎత్తులో రెండంగుళాల తేడా ఉంటే 70 అంగుళాల మనిషికి అది దాదాపు 3 శాతం, పడవ పొడవులో అడుగుకు పైనే. బూట్లు, వంగి నిలబడటం దానికి అదనం. సొరచేప పంజరం, అంటే సొరచేపల మధ్యకు మనిషి దిగడానికి వాడే పంజరం మీద మాత్రం నాకు ఆశ పుట్టింది. అయితే అసలు సొరచేపలున్న దృశ్యాలను రాన్, వాలెరీ టేలర్ దంపతులు దక్షిణ ఆస్ట్రేలియా సముద్రంలో చిత్రీకరించారు. అక్కడ సొర పెద్దదిగా కనపడాలని చిన్న పంజరాన్ని, పొట్టి మనిషిని వాడారు. పంజరం పెద్దదా చిన్నదా తెలుసుకోకుండా దాన్ని కొలబద్దగా పెట్టుకుంటే లెక్క మొదట్లోనే దారి తప్పుతుంది.

నాకు మేలు చేసినది దిగంతరేఖ. సముద్రం మీద తీసిన చిత్రంలో దిగంతరేఖ ప్రతి వస్తువును కెమెరా కటకం ఎత్తులోనే కోస్తుంది. ఆ వస్తువు దగ్గరున్నా దూరమున్నా తేడా రాదు. కనుక నీటిమట్టం నుంచి దిగంతరేఖ వరకు ఉన్న దూరాన్ని ఒక ప్రమాణంగా పెట్టుకుంటే, వేరువేరు దూరాల్లో ఉన్న స్తంభం, గది కప్పు, కటకటాల ఎత్తులను ఒకదానితో ఒకటి పోల్చవచ్చు. అలల వల్ల పడవ నీటిమట్టం కొంత మారుతూనే ఉంటుంది. అందుకే కథలో ఓర్కా నీరు పట్టి వెనుకకు కుంగడానికి ముందున్న దృశ్యాలను మాత్రమే ఎంచుకున్నాను.

ఈ పద్ధతి ఎంతవరకు నమ్మదగినదో తెలియాలంటే తెలిసిన పడవ మీద పరీక్షించాలి కదా. అందుకని ఒక ఆదివారం విశాఖపట్నం ఫిషింగ్ హార్బరుకు వెళ్లి, ఒక బోటు యజమానిని బతిమాలుకొని దాని పొడవు టేపుతో కొలిచాను. ఆయన కాసేపు చూసి, "ఏం బాబూ, బోటు కొందామనా?" అని అడిగాడు. "లేదండీ, బొమ్మ చేద్దామని" అన్నాక నవ్వి, టేపు రెండో కొస తానే పట్టుకున్నాడు. ముప్పై మీటర్ల దూరం నుంచి ఫోటో తీసి లెక్క కడితే, అసలు పొడవుకు జానెడు తక్కువ వచ్చింది. కారణం వెదికితే, దగ్గరగా ఉన్న పక్క కటకటాన్ని కొలబద్దగా పెట్టుకొని, దానికి మీటరు వెనుకనున్న మధ్య గీతను కొలిచాను. ముప్పై మీటర్ల దూరంలో ఒక మీటరు లోతు తేడా అంటే సుమారు 3 శాతం. కొలబద్ద, కొలిచే వస్తువు ఒకే లోతులో ఉండాలన్న నియమాన్ని నేను పుస్తకంలో చదివిన వాడినే, అయినా పాటించలేదు.

ఇప్పుడు అట్టముక్కలతో కూర్చిన ఒక మాదిరి నా బల్ల మీద ఉంది. కెమెరా అసలు పడవకు 24 మీటర్ల దూరంలో ఉందని లెక్క తేలిన దృశ్యానికి, ఫోనును మాదిరికి ఒక మీటరు దూరంలో, అదే ఎత్తు నిష్పత్తిలో పెట్టి ఫోటో తీసి, సినిమా చిత్రం మీద సగం పారదర్శకంగా పరచి చూస్తున్నాను. అణియం వంపు కుదిరింది, స్తంభం కుదిరింది. గది కప్పు మాత్రం నాలుగు మిల్లీమీటర్లు పైకి తేలింది. నేను కిటికీల ఎత్తును ఓర్కా 2 దృశ్యం నుంచి తీసుకున్నాను, అక్కడ గదిని మళ్లీ కట్టారు కనుక అది అసలు పడవతో సరిపోవాలన్న నియమం లేదు. నిన్న రాత్రి ఆ నాలుగు మిల్లీమీటర్లు కత్తిరించి, 533 మిల్లీమీటర్ల అడుగుదూలం చెక్క మీద పెన్సిలు గీత గీసి పడుకున్నాను.