“ఏమైందో చెప్పు తల్లీ” అని అడక్కండి, ముందు ఒళ్ళు కుదుటపడాలి

దత్తత తెచ్చుకున్నవాళ్ళు, అమ్మానాన్న పోయిన మనవల్ని పెంచుతున్న అమ్మమ్మలు, తాగి కొట్టే ఇంట్లోంచి పిల్లల్ని తీసుకుని పుట్టింటికొచ్చేసిన అమ్మలు... ఈ మధ్య చాలామంది “భయంతో బిగుసుకుపోయే మీ మేనకోడలికి ఏం చేశారు, ఏ మందు వాడారు” అని అడుగుతున్నారు. అందుకే ఇది రాస్తున్నా.

మా అన్నయ్యా వదినా పాపని దత్తత తీసుకుని గుంటూరు తెచ్చుకునేసరికి దానికి నాలుగేళ్ళు. శిశుగృహకి రాకముందు ఏం జరిగిందో కాగితాల్లో రెండు ముక్కలు తప్ప ఏమీ లేదు. కుక్కర్ విజిల్ వేస్తే చాలు, బీరువా పక్క సందులో దూరిపోయేది, చేతులు చల్లబడిపోయేవి, ఊపిరంతా గుండెల పైనే ఆడుతున్నట్టుండేది. ఇంట్లో పెద్దవాళ్ళంతా చుట్టూ మూగి ఎందుకమ్మా భయం, మేమందరం ఉన్నాం కదా, ఏమైందో చెప్పు అని బతిమాలేవాళ్ళు. ఏం చెప్తుంది పాపం? మూడేళ్ళలోపు జరిగినవి కథలాగా గుర్తుండవు, జరిగినదాన్ని అలా దాచుకునే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం అప్పటికింకా ఎదుగుతూనే ఉంటుంది. ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డాలా అనే ఇంకో భాగం మాత్రం చాలా ముందే పనిలోకి దిగుతుంది. అంటే ఎందుకో తెలీదు, ఒంటికి మాత్రం భయం గుర్తుంది.

అమెరికాలో బ్రూస్ పెర్రీ అని పిల్లల సైకియాట్రిస్ట్ ఉన్నారు, ఆయన ఒక వరస చెప్తారు: ముందు ఒళ్ళు కుదుటపడాలి, తర్వాత మనిషితో దగ్గరవ్వాలి, బుద్ధులు చెప్పడం ఆ తర్వాతే. మనం సరిగ్గా చివరిదాంతో మొదలుపెడతాం.

మా వదిన చేసేది చూస్తే మీకు అర్థమవుతుంది. పాప సందులో దూరగానే స్టవ్ కట్టేసి వచ్చి కింద కూచుంటుంది, ఎదురుగా కాదు, కొంచెం పక్కకి, గోడకి ఆనుకుని. లాగదు, రమ్మనదు, కళ్ళలోకి చూడదు. నెమ్మదిగా ఊపిరి వదుల్తూ ఏదో కూనిరాగం తీస్తుంది అంతే. ఊపిరి పీల్చేటప్పటికంటే వదిలేటప్పుడు ఎక్కువసేపు తీసుకుంటే మెదడు నుంచి గుండెకి వెళ్ళే వేగస్ నరం ద్వారా గుండె వేగం తగ్గుతుంది, ఇది పెద్దవాళ్ళకీ అంతే. మన గుండె దడదడలాడుతుంటే పిల్లలు మన మొహంలోనే కనిపెట్టేస్తారు, అప్పుడు ఎన్ని తియ్యటి మాటలు చెప్పినా నమ్మరు. పాపకి “గట్టిగా గాలి పీల్చు” అని ఆర్డర్ వేస్తే ఇంకా బిగుసుకుపోయేది, అదే సబ్బునీళ్ళ బుడగలు ఊదమంటే దానంతటదే పొడుగ్గా ఊదేది.

ఇంకోటి బరువు పని. విజయవాడలో ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (ఆటలూ రోజువారీ పనుల ద్వారా పిల్లలకి సాయం చేసే నిపుణులు) గారు చెప్పారు, తోయడం, లాగడం, మోయడం, పిసకడం లాంటివి చేస్తే కండరాల నుంచీ కీళ్ళ నుంచీ మెదడుకి సమాచారం వెళ్తుంది, చాలామంది పిల్లలు దాంతో నిమ్మళిస్తారు అని. మా ఇంట్లో అది చపాతీ పిండి అయింది. పళ్ళెం నేలమీద పెట్టుకుని రెండు మోకాళ్ళ మీద లేచి, ఒళ్ళు బరువంతా అరచేతుల మీద వేసి నొక్కుతుంది, మధ్యలో పిడికిలితో రెండు గుద్దులు, మోచేతి దాకా పిండి. ఆ పని అయ్యేసరికి భుజాలు కిందికి దిగి ఉంటాయి, మీరే చూడొచ్చు. తర్వాత మొక్కలకి అర బకెట్ నీళ్ళు. ఇవన్నీ భయం వచ్చాక కాదండీ, ముందే చేయించాలి, పాపకి చీకటి పడే వేళ కష్టం కాబట్టి సాయంత్రం అయిదింటికే పిండి కలిపేస్తాం.

నాన్నమ్మ ఉయ్యాల బల్ల కూడా బాగా పనికొచ్చింది, ముందుకీ వెనక్కీ ఒకే వేగంతో ఊగితే శాంతిస్తుంది, అదే ఒప్పులకుప్ప తిరిగితే హుషారెక్కిపోతుంది కాబట్టి అది పడుకునే ముందు వద్దు. చెమ్మచెక్క ఆట ఎప్పుడైనా మంచిదే, లయా ఉంది, ఎదుటి మనిషీ ఉంది.

ఇక ముట్టుకోవడం గురించి. మన దగ్గర పిల్లలంటే తలంటు, నలుగు, ఒళ్ళో పడుకోబెట్టుకుని జోకొట్టడం. మంచివే. కానీ దెబ్బలు తిన్న పిల్లకి తల మీదకి వచ్చే ప్రతి చెయ్యీ దెబ్బలాగే కనిపిస్తుంది. నాన్నమ్మ పట్టుపట్టకుండా ఒక పని చేసింది, నూనె గిన్నె పాప ముందు పెట్టి “నా చేతులు మంట పెడుతున్నాయే, కాస్త రాయవూ” అంది. చాన్నాళ్ళు పాపే రాసేది, ఆ తర్వాత ఒకరోజు తన అరచెయ్యి చాపింది. అరచేతులు, తర్వాత పాదాలు, తల చివర్న. ఒళ్ళు బిగిసిందంటే అక్కడితో ఆపేయడమే, “ఇంకొంచెం అంతే” లేదు. పెళ్ళిళ్ళలో బుగ్గలు గిల్లేవాళ్ళకీ, ముద్దిస్తేనే చాక్లెట్ అనేవాళ్ళకీ మేం మొహం మీదే వద్దని చెప్తాం, ఎంత దగ్గర చుట్టమైనా సరే. వద్దు అన్నా తనని ఎవరూ ఏమీ అనరని పిల్లకి తెలియడం చాలా పెద్ద విషయం, నా దృష్టిలో మిగతావన్నీ దాని తర్వాతే.

తినేవి దిండు కింద దాచుకునేది, తిట్టలేదు, జంతికలతో తన సొంత డబ్బా ఇచ్చారు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు. చలికాలంలో నాన్నమ్మ బొంత బరువుగా ఉంటుందని ఇష్టపడుతుంది, కానీ కప్పుకోవడం, తీసేయడం తన చేతుల్లోనే ఉండాలి, మొహం మీదకి రాకూడదు.

దిష్టి తీయించండి, తాయెత్తు కట్టించండి, దాని మీద నాకు గొడవ లేదు, దాని కోసం డాక్టర్ని మాత్రం ఆపకండి. పిల్ల తనని తాను కొట్టుకుంటున్నా, నిద్రే లేకపోయినా, పిలిచినా పలక్కుండా శిలలా అయిపోతున్నా ఇంటి పద్ధతులు సరిపోవు, పిల్లల సైకియాట్రిస్ట్‌కి చూపించాలి. ఎవరి దగ్గరికెళ్ళాలో తెలీకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పిల్లకి ఇంకా ఆ కొట్టే ఇంట్లోనే ప్రమాదం ఉంటే పిండి పిసికించడం కాదు, ముందు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.