మెయిల్ రాని మూడు రోజులు

కొత్తవాడలో మా బాపు నేసే జంపఖానాలకు సొంత వెబ్‌సైటు ఉండాలని పట్టుబట్టింది నేనే. 2018లో వరంగల్ దర్రీలకు, అంటే ఈ జంపఖానాలకే, భౌగోళిక గుర్తింపు వచ్చినప్పటి నుంచీ ఆ కోరిక ఉంది. పోయిన నెల ఆ సైటును కొత్త సర్వర్‌కు మార్చాను. మూడో రోజు హైదరాబాద్ నుంచి ఒక దుకాణదారు ఫోను చేసి, "మెయిల్ పెట్టి రెండు రోజులైందమ్మా, జవాబే లేదు" అన్నారు. నా గుండె జారిపోయింది. ఎందుకంటే సైటు బాగానే తెరుచుకుంటోంది, మెయిల్ గురించి నాకు ఆలోచనే రాలేదు.

మొదటి నుంచి చెబుతాను. ప్రధాన సైటుతో పాటు అమ్మకాలకు వేరే సబ్‌డొమైను, అంటే సైటు పేరుకు ముందు ఇంకో మాట చేర్చిన పేరు, కావాలనుకున్నాను. అసలు పేరు బదులు ఇక్కడ 'దుకాణం.మాపేరు.ఇన్' అనుకుందాం. సబ్‌డొమైనుకు ఎవరికీ విడిగా డబ్బు కట్టనక్కర లేదు, ఎవరి అనుమతీ అడగనక్కర లేదు. ఇంటర్నెట్ తొలినాళ్లలో కంప్యూటర్ల పేర్లన్నీ అమెరికాలో ఒకే చోట, ఒకే ఫైలులో రాసి ఉంచేవారు. 1983లో పాల్ మొకపెట్రిస్ పేర్లను చిరునామాలకు కలిపే డీఎన్ఎస్ అనే ఏర్పాటును రూపొందించాక ఎవరి పేరు కింది పద్దు వారే రాసుకునే వీలు కలిగింది. నాకు ఈ ఏర్పాటు అంటే చాలా గౌరవం. ఆ పద్దులోని ఒక్కో వరుసే రికార్డు. 'ఎ' రికార్డు పేరును సర్వర్ అంకెల చిరునామాకు కలుపుతుంది, సీనేమ్ ఒక పేరును మరో పేరుకు కలుపుతుంది, ఎమ్ఎక్స్ మెయిల్ ఎక్కడికి చేరాలో చెబుతుంది.

సైటు మార్చిన రాత్రి నేను చేసిన మొదటి పొరపాటు, రికార్డులు రాసే పేజీలోని పేరు గడిలో 'దుకాణం' అని ఊరుకోకుండా పూర్తి పేరు రాయడం. మిగతా భాగాన్ని ఆ పేజీ తానే చేర్చుకుంటుందని నాకు తెలియదు. ఫలితంగా 'దుకాణం.మాపేరు.ఇన్.మాపేరు.ఇన్' అనే వింత పేరు తయారైంది. అరగంట తర్వాత వరుసను మళ్లీ పైకి లాగి చదివితే కంటపడింది. సరిదిద్దాను. అయినా ఇంట్లో కంప్యూటర్‌లో తెరుచుకోలేదు. అదే పేరును ఫోనులో మొబైల్ డేటాతో చూస్తే వెంటనే వచ్చింది!

దీనికి కారణం అర్థమయ్యాక చాలా సంగతులు తేలికపడ్డాయి. రికార్డు పెట్టకముందే నేను ఆ పేరును పదిసార్లు తెరిచి చూశాను. 'అలాంటి పేరు లేదు' అన్న జవాబును కూడా మా ఇంటి ఇంటర్నెట్ సంస్థ సర్వర్ కొంతసేపు గుర్తుపెట్టుకుంటుంది. అది ఎంతసేపన్నది మన పద్దు మొత్తానికి సంబంధించిన వివరాలు, గడువులు ఉండే ఎస్ఓఏ రికార్డును బట్టి ఉంటుంది. మార్పు ప్రపంచమంతా పాకడానికి సమయం పడుతుందని అందరూ అంటారు కానీ, పాకేదేమీ లేదు. ఎవరి దగ్గరి పాత జవాబుకు గడువు తీరితే వారు మళ్లీ వచ్చి అడుగుతారు, అంతే.

బాపుకు ఇది చెప్పడానికి నాకు కష్టం కాలేదు. ఆరేళ్ల కిందట మా మగ్గాలను పక్క సందులోకి మార్చాం. వరంగల్ స్టేషన్ దగ్గరి ఆటోవాళ్లు బాపు పేరు చెబితే చాలు, నేరుగా పాత ఇంటికే తీసుకెళ్లేవారు. కొత్త ఇల్లు వారికి అలవాటయ్యేదాకా పాత గుమ్మం దగ్గర మా తమ్ముడు నిలబడి, వచ్చినవారిని ఇటు పంపేవాడు.

ఇక మెయిల్ సంగతి. సర్వర్‌తో పాటు నేమ్‌సర్వర్లను కూడా మార్చాను. అంటే పద్దు పుస్తకాన్నే మార్చినట్టు. కొత్త పుస్తకంలో సైటుకు కావలసిన వరుసలు రాశాను, పాతదాంట్లో ఉన్న ఎమ్ఎక్స్ వరుసను ఎత్తి రాయలేదు. ఎమ్ఎక్స్ లేకపోతే పంపేవారి మెయిల్ సర్వర్ అదే పేరు మీది 'ఎ' రికార్డును చూసి అక్కడికి వెళ్తుంది. అక్కడున్నది వెబ్‌సైటు సర్వర్, మెయిల్ తీసుకునే తలుపు దానికి లేదు.

దుకాణదారు ఫోను పెట్టేసి, డీఎన్ఎస్ రికార్డులను అడిగి చూసే ఎన్ఎస్‌లుకప్ అనే ఆదేశంతో అడిగితే ఎమ్ఎక్స్‌కు జవాబు ఖాళీగా వచ్చింది. పాత ఖాతా ఇంకా మూసివేయకపోవడం మా అదృష్టం. అందులోంచి ప్రతి వరుసనూ బాపు నూలు లెక్కలు రాసే నోటుపుస్తకంలో చేత్తో దించుకున్నాను. ఎమ్ఎక్స్‌లో అంకెల చిరునామా రాయకూడదు, మెయిల్ సర్వర్ పేరే రాయాలి. మన తరఫున మెయిల్ పంపే హక్కు ఎవరికుందో చెప్పే ఎస్‌పీఎఫ్ వరుస కూడా కొత్త పుస్తకంలో లేదు. అది ఒక పేరుకు ఒక్కటే ఉండాలి, రెండు రాస్తే రెండూ చెల్లవు.

పోయిన మెయిళ్లు పోయినట్టేనని దుఃఖపడుతూ కూర్చున్నాను. సాయంత్రం ఏడు దాటాక ఒకటి వచ్చింది. తర్వాత ఇంకొకటి. మెయిల్ చేరకపోతే పంపే సర్వర్ వెంటనే చేతులెత్తేయదు, సాధారణంగా నాలుగైదు రోజుల పాటు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. భోజనాల వేళకు ఆ హైదరాబాద్ దుకాణదారు మెయిల్ కూడా చేరింది: నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవున్న జంపఖానాలు పన్నెండు, ఎరుపు మీద నలుపు చారలతో. బాపు చేయి కడుక్కోకుండానే లేచి వచ్చి చదివించుకున్నాడు.

వచ్చే వారం అమ్మకాల పేజీని కూడా వేరే సర్వర్‌కు మార్చాలి. దాని 'ఎ' రికార్డు గడువు ఇప్పుడు 86400 సెకన్లు, అంటే సరిగ్గా ఒక రోజు. మార్చడానికి రెండు రోజుల ముందే దాన్ని 300కు తగ్గిస్తాను. అప్పుడు పాత జవాబు ఎవరి దగ్గరున్నా ఐదు నిమిషాల్లో గడువు తీరిపోతుంది. ఇది చెబితే బాపు, "మరి పాత గుమ్మం దగ్గర ఎవరిని నిలబెడతావు బిడ్డా?" అని అడిగాడు. గడువును పట్టించుకోని సర్వర్లు కూడా ఉంటాయి కాబట్టి ఆ ప్రశ్న సరైనదే. పాత సర్వర్‌కు ఇంకో నెల అద్దె కట్టాను.