చూశాడు గానీ, కనిపించలేదు

పొద్దున బైకు మీద ఆఫీసుకు వెళ్తుంటే సందులోంచి బయటికొస్తున్న కారొకటి నన్ను చూసి ఆగింది. డ్రైవరు తల తిప్పి నా వైపే చూశాడు. హమ్మయ్య అనుకునేలోపే తాపీగా రోడ్డెక్కేశాడు. సందు కనపడగానే యాక్సిలరేటర్ తగ్గించి, రెండు వేళ్లు ముందు బ్రేకు మీద వేసి ఉంచాను కాబట్టి నిదానంగానే ఆగాను. హారన్ జోలికి పోలేదు. అలాంటప్పుడు హారన్ మీద పడిన ధ్యాస బ్రేకు మీద ఉండదని నా నమ్మకం. తిట్టడానికి తర్వాత బోలెడు టైముంటుంది.

అయితే అతన్ని తిట్టాలని కూడా అనిపించలేదు. చూడటం వేరు, కనిపించడం వేరు. మనకు ఎదురుగా నేరుగా వచ్చే బండి పక్కకు కదలదు, ఉన్నచోటే మెల్లగా పెద్దదవుతుంది, దగ్గరికొచ్చాకే ఒక్కసారిగా పెరుగుతుంది. బైకు అసలే సన్నం. ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంగా వస్తోంది అన్నది కారులోవాళ్లు తప్పుగా లెక్కేస్తారు. పెద్ద బండి కంటే చిన్నది ఆలస్యంగా చేరుతుందని మనిషి కన్ను అనుకుంటుందట. పైగా కారు ముందద్దానికి అటూ ఇటూ ఉండే స్తంభాలు. కాస్త దూరంలో ఉన్న బైకును మనిషితో సహా దాచేయగలవు. అందుకే నేను డ్రైవరు కళ్లను నమ్మను, ముందు చక్రాన్ని చూస్తాను. మొహం ఎటున్నా, బండి కదిలేది చక్రం తిరిగితేనే. ఒక్కోసారి నా లేన్‌లోనే కొంచెం పక్కకు జరుగుతాను కూడా. అడ్డంగా కదిలేదాన్ని కన్ను త్వరగా పట్టుకుంటుంది.

ఈ మాట ఆఫీసులో చెబితే "అన్నీ మన చేతుల్లో ఉంటాయా?" అన్నారొకరు. ఉండవు. ఉన్నవాటిని వదిలేయడం దేనికి మరి?

సాయంత్రం బయల్దేరేసరికి చినుకులు మొదలయ్యాయి. జోరువాన కంటే నాకు ఈ మొదటి చినుకులంటేనే భయం. రోడ్డు మీద పేరుకున్న ఆయిలూ దుమ్మూ కడిగేసుకుపోయేంత నీళ్లుండవు, జారేలా చేయడానికి మాత్రం సరిపోతాయి. తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు మరీ ఘోరం. వాటి మీద బండిని వాల్చకూడదు, బ్రేకు కూడా వేయకూడదు, నిటారుగా దాటేయాలి. నీళ్లు నిలిచిన చోట లోతెంతో తెలీదు కాబట్టి చుట్టూ తిరిగి వెళ్లాను. ముందున్న లారీకి బాగా ఎడం ఇచ్చాను. లారీ అద్దంలో డ్రైవరు మొహం మనకు కనపడకపోతే మనమూ అతనికి కనపడనట్టే.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ప్రమాదం కంటపడి చెయ్యి బ్రేకు మీద పడేసరికే ఆ సెకను అయిపోతుంది. అసలు ఆగడం అప్పుడు మొదలవుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు పట్టాక పోయే దూరం నాలుగింతలు. తడి రోడ్డు మీద ఇంకా ఎక్కువ.

ముందు బ్రేకు పడితే పల్టీ కొడతామని బండి నేర్పినవాళ్లు చాలామందిని బెదిరిస్తారు. దాంతో జీవితాంతం వెనక బ్రేకుతోనే నెట్టుకొస్తారు. ఆపేటప్పుడు బరువంతా ముందుకొస్తుంది, వెనక చక్రం తేలికై జారుతుంది. ఎక్కువ భాగం ఆపగలిగేది ముందు చక్రమే. బ్రేకు లివర్‌ను గుంజకూడదు, పిండినట్టు మెల్లగా బిగించాలి. ఖాళీ మైదానంలో అలవాటు చేసుకోకపోతే అవసరానికి చెయ్యి మాట వినదు. ఏబీఎస్ ఉంటే చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది, మంచిదే. కానీ మలుపులో మామూలు ఏబీఎస్‌ను నమ్ముకోవడం తెలివైన పని కాదు. ఇసుక మీద అది ఆగే దూరాన్నీ తగ్గించదు.

ఇంటికొచ్చేసరికి తమ్ముడు తాళాల కోసం ఎదురుచూస్తున్నాడు. హెల్మెట్ నెత్తిన ఉంది, పట్టీ వేలాడుతోంది.

"పట్టీ పెట్టుకోరా."

"ఇక్కడిదాకే కదా అన్నయ్యా!"

పట్టీ బిగించని హెల్మెట్ మనకంటే ముందే ఎగిరిపోతుంది అన్నాను. 'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా పేరుపడ్డ బ్రిటిష్ సైనికాధికారి టి.ఇ. లారెన్స్ 1935లో బైకు మీద పోతూ, సైకిళ్ల మీదున్న ఇద్దరు పిల్లల్ని తప్పించబోయి పడ్డాడు. తలకు దెబ్బ తగిలి ఆరు రోజులకు చనిపోయాడు. హెల్మెట్ లేదు. అప్పుడు పిలిపించిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ అనే న్యూరోసర్జన్ ఒకరు. ఆయన ఆ విషయాన్ని వదల్లేదు. సైన్యంలో బైకుల మీద తిరిగేవాళ్ల తల గాయాలను పరిశీలించి, హెల్మెట్ ప్రాణాలు కాపాడుతుందని 1941లో వ్యాసం రాశారు. తర్వాతి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే హెల్మెట్ వల్ల మరణం ముప్పు 40 శాతానికి పైగా, తల గాయాల ముప్పు దాదాపు 70 శాతం తగ్గుతున్నాయి.

వాడు కథ మధ్యలోనే పట్టీ బిగించేశాడు, బహుశా నన్ను ఆపడానికి.

"ఒకసారి పడ్డాక మళ్లీ వాడొచ్చా దీన్ని?"

వాడకూడదు. లోపలి థర్మాకోల్‌లాంటి పొర నలిగి దెబ్బను మింగుతుంది, మళ్లీ పూర్వపు మందానికి రాదు. పైపెంకు బాగున్నట్టే కనిపిస్తుంది.

వాడు వెళ్లాక నా హెల్మెట్ తుడుస్తుంటే ముందద్దం మీద గీతలు కనిపించాయి. రాత్రి ఎదురు లైట్లన్నీ చెదిరిపోవడానికి కారణం ఇదన్నమాట. అద్దం మార్చాలి. రేపు పొద్దున టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోవాలి, పనిలోపనిగా చెయిన్ కూడా.