పది నిమిషాల డెలివరీ నుంచి శనివారం బండి దాకా

కూకట్‌పల్లిలో మా అపార్టుమెంటు చెత్త సంగతి చూసే బాధ్యత సంఘంవాళ్లు నాకు అప్పజెప్పారు. తడి చెత్తతో పెద్ద ఇబ్బంది లేదు. పది నిమిషాల్లో సరుకులు తెచ్చే యాప్‌ల సంచులతో పొడి చెత్తే రోజురోజుకీ పెరిగిపోతూ వచ్చింది. పాత సామాన్లవాడిని పిలిస్తే అట్టపెట్టెలు, బ్రౌన్ పేపర్ బ్యాగులు తీసుకున్నాడు. చిప్స్ కవర్లు, లోపల వెండిరంగు పొర ఉన్న సంచులు మాత్రం పక్కకు నెట్టేశాడు. "ఇవెవరూ కొనరమ్మా" అన్నాడు. ప్లాస్టిక్‌నీ అల్యూమినియాన్నీ కలిపి అతికించిన పొరలవి, విడదీయడం చాలా కష్టం.

ఒక సాయంత్రం గేటు దగ్గర డెలివరీ అబ్బాయిని కదిపాను. అతని సంచిలో ఒక కొత్తిమీర కట్ట, ఒక పెరుగు డబ్బా. అంతే. "మీ పైఫ్లోర్‌కే ఇంకొకతను వస్తున్నాడక్కా. అతని కోసం ఆగితే నాకు లేటవుతుంది" అన్నాడు. అసలు చిక్కు అక్కడే ఉంది. పది నిమిషాల్లో ఇవ్వాలంటే నాలుగిళ్ల సరుకు కలిసేదాకా ఆగే వీలుండదు. ఇంటికో బండి, ఇంటికో సంచి. ఎలక్ట్రిక్ బండి పెట్టినా పొగ తగ్గుతుందేమో గానీ సంచులు తగ్గవు. 120 మైక్రాన్లలోపు ప్లాస్టిక్ క్యారీబ్యాగులు 2022 చివరి నుంచి నిషేధం. కానీ అంతకన్నా మందంగా ఉన్నదైనా, కాగితానిదైనా, ఒక్క కొత్తిమీర కట్ట కోసం వస్తే దండగే.

సంచులు వెనక్కి తీసుకోమని ఒక డెలివరీ కంపెనీకి రాశాం. మీ సూచన నమోదు చేసుకున్నాం అని జవాబొచ్చింది, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. దాంతో మేమే వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. శుక్రవారం రాత్రికల్లా ఎవరికేం కావాలో రాస్తారు, పప్పులు, నూనె, సబ్బుల్లాంటివన్నీ ఒకే ఆర్డరుగా శనివారం స్లాటులో తెప్పిస్తాం. కూరగాయలకు ఇద్దరు ముగ్గురం గుడ్డ సంచులతో రైతుబజారుకు వెళ్తాం.

ఒప్పించడం మాత్రం తేలిక కాలేదు. "అమ్మాయ్, మా ఆవిడ బీపీ మాత్రలైపోతే శనివారం దాకా ఆగమంటావా?" అని మూడో అంతస్తు పెద్దాయన నిలదీశారు. ఆయన అడిగింది న్యాయమే. మందులు, పసిపిల్లల సామాన్లు ఎప్పుడైనా తెప్పించుకోవచ్చని రాసుకున్నాం. ఆ మాట రాశాకే చాలామంది చేరారు.

ఐస్‌క్రీముల ఆర్డర్లు ఇంకా ఆగలేదు. అయినా వాచ్‌మన్ గది పక్కన సంచుల గుట్ట బాగా తగ్గింది. ఇప్పుడు బి బ్లాకువాళ్లూ చేరతామంటున్నారు గానీ, వాళ్లకు బుధవారం కావాలట. రెండు రోజులంటే మళ్లీ రెండు బండ్లు. శనివారానికే రమ్మని నచ్చజెబుతున్నాం.