మాత్ర మానకుండా

రొమ్ము క్యాన్సర్ అనగానే అందరూ ఆపరేషన్ గురించో, కీమోకి జుట్టు ఊడడం గురించో అడుగుతారు. అవన్నీ అయిపోయి, "ఇంక ఫరవాలేదు" అని బంధువులు ఊపిరి పీల్చుకున్నాక నాకు మొదలైన బాధ గురించి ఎవరూ అడగలేదు. ఇప్పుడు రాస్తున్నది దాని గురించే, దానికి చెవికి వేయించుకున్న సూదుల గురించే.

నాది హార్మోన్ పాజిటివ్ క్యాన్సర్. ఆ కణాలు ఈస్ట్రోజెన్ మీద ఆధారపడి పెరుగుతాయి. నెలసరి ఆగిపోయినా ఒంట్లో, ముఖ్యంగా కొవ్వులో, అరోమటేజ్ అనే ఎంజైమ్ వల్ల ఈస్ట్రోజెన్ కొద్దికొద్దిగా తయారవుతూనే ఉంటుంది. దాన్ని ఆపడానికి లెట్రోజోల్ 2.5 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి చొప్పున 5 ఏళ్లు వేసుకోమన్నారు. "ఆపరేషన్ ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం తల్లీ, మానొద్దు" అని మా క్యాన్సర్ డాక్టరు గారు గట్టిగా చెప్పారు.

కొన్ని నెలలకు కీళ్లు పట్టేశాయి. పొద్దున లేస్తే పిడికిలి బిగించలేను. తిరుపతిలో ఒక బడిలో లెక్కలు చెబుతాను. బోర్డు మీద రాస్తుంటే చాక్‌పీస్ వేళ్లలోంచి జారిపోయేది. సంగటి గెలకలేను, చింతపండు పిసకలేను. రాత్రిళ్లు ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లెత్తి చెమటతో తడిసిపోయేదాన్ని. నొప్పితో నిద్ర లేదు, నిద్ర లేక మర్నాటికి నొప్పి ఇంకా ఎక్కువ. మా అక్క బైరాగిపట్టెడ నుంచి వచ్చి వంట చేసిపెడుతూ, "ఆ మాత్ర వల్లే గదా ఇదంతా, మానేస్తే పోలా?" అనేది. ప్రేమతో అన్న మాటే. రోజూ వింటుంటే అదే సబబేమో అనిపించేది కూడా.

ఈ మాత్ర వేసుకునే ఆడవాళ్లలో కీళ్ల నొప్పులు చాలా మామూలు. మధ్యలో మానేసేవాళ్లు ఎక్కువగా చెప్పే కారణం కూడా ఇదే. మా డాక్టరు గారు విటమిన్ డి చూశారు, నడవమన్నారు, నొప్పికి డులాక్సెటిన్ అనే మందు రాశారు. దానితో నాకు వికారం తట్టుకోలేనంతగా వచ్చింది. ఆక్యుపంక్చర్, అంటే సన్నని సూదులు గుచ్చే వైద్యం, మాట అప్పుడొచ్చింది. నాకేమో ఎడమ చంకలో గ్రంథులు తీసేశారు. ఆ చేతికి సూది పడకూడదు, బీపీ పట్టీ కూడా చుట్టకూడదు, వాపు వచ్చే ప్రమాదం ఉంటుంది అని నాకు చెప్పారు. ఒళ్లంతా సూదులంటే ఆ భయం. చెవికి మాత్రమే వేసే పద్ధతీ ఉంది, దానికైతే ఆ చిక్కు లేదు.

మొదట ఎవరో చెప్పారని ఒకచోటికి వెళ్లాను. అక్కడాయన నా కాగితాలు తెరవకుండానే, "ఇంగ్లీషు మందులన్నీ ఆపేస్తేనే సూదులు పనిచేస్తాయి" అన్నారు. లేచి వచ్చేశాను. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. నొప్పి భరించలేక మాత్ర మానడానికి ఒక్క సాకు దొరికితే చాలనుకునే మనిషికి ఆ సాకు చేతికందించడం ప్రాణంతో ఆడుకోవడమే.

తర్వాత తిలక్ రోడ్డు పక్క సందులో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఎంబీబీఎస్ చదివి, ఆపైన ఆక్యుపంక్చర్ నేర్చుకున్నారు. ఆమె మొదట అడిగింది రక్తపరీక్ష రిపోర్టు. తెల్లకణాలు తక్కువున్నా, ప్లేట్‌లెట్లు తక్కువున్నా సూది వేయనన్నారు. మా డాక్టరు గారికి నా ముందే ఫోన్ చేశారు. "చెవికైతే నాకు అభ్యంతరం లేదు, మాత్ర మాత్రం ఆపనివ్వొద్దు" అన్నారాయన.

గోడమీద చెవి పటం ఉంది, చుక్కలు పెట్టి. దాని కథ నాకు చాలా నచ్చింది. 1950ల్లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో పాల్ నోజియే అనే డాక్టరు, కొందరు పేషెంట్ల చెవిమీద కాల్చిన మచ్చలు గమనించారు. మన పల్లెల్లో కామెర్లకు వాత పెట్టినట్టు, అక్కడ నాటువైద్యం చేసే ఒకామె తుంటి నుంచి కాలికి పాకే నొప్పికి చెవిమీద వాత పెట్టేదట. నోజియే దాని వెంటపడి, చెవిలో తలకిందులుగా ఉన్న శిశువును ఊహించి పటం గీశారు. తమ్మె దగ్గర తల, పైన కాళ్లు. "ఈ పటం అక్షరాలా నిజమని నేను చెప్పనమ్మా" అన్నారు డాక్టరమ్మ. "కానీ మెదడు నుంచి గుండె, పొట్ట దాకా వెళ్లే వేగస్ నాడి కొమ్మ ఒకటి చెవి గుంటలోకి వస్తుంది, అది మాత్రం నిజం. చెవిలో పుల్ల పెడితే కొందరికి దగ్గొస్తుంది చూడండి, అది దాని వల్లే." ఆ నిజాయితీకే నాకు నమ్మకం కుదిరింది.

కమ్మలు, మాటీలు తీయించి, స్పిరిట్‌తో తుడిచి, నా కళ్లముందే కొత్త ప్యాకెట్ చించి సూదులు వేశారు. ఒక్కో చెవికి 5 చోట్ల. ఆ చోట్లకు పెట్టిన పేర్లు షెన్ మెన్, సింపథెటిక్, కిడ్నీ, లివర్, లంగ్. న్యూయార్క్‌లోని లింకన్ హాస్పిటల్‌లో 1970ల్లో మాదకద్రవ్యాలకు బానిసలైన వాళ్ల కోసం మొదలైన పద్ధతి ఇది. సూది దిగేటప్పుడు చురుక్కుమంటుంది, మృదులాస్థి కదా. కాసేపటికి చెవి వేడెక్కి, భుజాలు వాటంతటవే కిందికి దిగుతాయి. అరగంటకు పైగా కూర్చోబెడతారు. రోజుల తరబడి చెవిలోనే ఉంచే చిన్న సూదులు కూడా ఉంటాయి, అవి వద్దన్నాను. తమ్మెకు పుండు పడితే మానుతుంది గానీ, రక్తనాళాలు లేని మృదులాస్థికి ఇన్ఫెక్షన్ వస్తే త్వరగా లొంగదు. బదులుగా వాకారియా అనే మొక్క చిన్న గింజల్ని చెవికి ప్లాస్టర్‌తో అంటించి, రోజుకు కొన్నిసార్లు వేలితో నొక్కుకోమన్నారు. బడిలో ఇంటర్వెల్‌లో నొక్కుకునేదాన్ని.

మొదట మారింది నొప్పి కాదు, నిద్ర. చెమటలు పడుతూనే ఉన్నాయి గానీ, మెలకువ వచ్చినా మళ్లీ పట్టేది. వేళ్లు తర్వాత నెమ్మదిగా వదిలాయి. ఒకరోజు పిల్లలకు వర్గసమీకరణం ఒకటి చివరిదాకా బోర్డుమీద రాశాక గానీ చాక్‌పీస్ జారలేదని గమనించలేదు.

ఇది సూదుల వల్లేనా, నడక వల్లా, వినే మనిషి దొరకడం వల్లా అని నేనూ అనుకున్నాను. డాక్టరమ్మ ఒక అధ్యయనం చూపించారు. సరిగ్గా నాలాంటి మాత్రలతో కీళ్ల నొప్పులు వచ్చిన 226 మంది మీద అమెరికాలో చేసి 2018లో ప్రచురించారు. ఒంటికీ చెవికీ సూదులు వేసిన వాళ్లకు 10 పాయింట్ల కొలతలో నొప్పి సుమారు 2 పాయింట్లు తగ్గితే, ఉత్తుత్తి సూదులు వేసిన వాళ్లకు సుమారు 1 తగ్గింది. అంటే తేడా ఒక్క పాయింటే. కాగితం మీద చిన్నదే. కానీ మాత్ర వేసుకోవడమా మానడమా అని ఊగిసలాడే మనిషికి అది ఏ మాత్రం చిన్నది కాదు. ఇంకొకటి, క్యాన్సర్ నుంచి బయటపడ్డ 360 మంది మీద 2021లో వచ్చింది. చెవి సూదులు మామూలు వైద్యం కన్నా నొప్పిని ఎక్కువే తగ్గించాయి గానీ, చెవిలో సూదుల ఇబ్బంది తట్టుకోలేక, అవి వేయించుకున్నవాళ్లలో దాదాపు పదిమందిలో ఒకరు మధ్యలో మానేశారు. వెళ్లాలనుకునేవాళ్లు ఇది కూడా తెలుసుకుని వెళ్లాలి.

ఇప్పుడు లెట్రోజోల్ మూడో ఏడు నడుస్తోంది. బొటనవేళ్ల దగ్గర బిగువు పూర్తిగా పోలేదు. నొప్పి పెరిగినప్పుడు మళ్లీ సందులోకి వెళ్తాను. సంగటి నేనే గెలుకుతున్నాను, కాస్త పలుచగా. ఈ మాత్ర ఎముకల్ని బలహీనపరుస్తుంది కాబట్టి నెలాఖరుకు ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ రాశారు. దానికి చెవి సూదులతో పని లేదు. కాల్షియం, నడక, అవసరమైతే ఇంజెక్షన్. అదీ డాక్టరమ్మే ముందుగా చెప్పారు.