పాప నాకు ఎదురు చెప్పిన రాత్రి

గుమ్మంలో తాళంచెవి చప్పుడు వినగానే పాప టీవీ కట్టేసి, తమ్ముణ్ణి లాక్కుని మంచం కిందకి దూరేదట. అప్పటికి దానికి ఆరేళ్లు. మూడేళ్లప్పుడే మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. ఇవన్నీ నేను తాగుడు మానాక నా భార్య చెబితేనే తెలిశాయి. తాగొచ్చిన రాత్రుల్లో తనని కొట్టేవాణ్ణి. పిల్లలు నిద్రపోతున్నారులే అనుకునేవాణ్ణి. వాళ్లు నిద్రపోలేదు.

తను పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయాక, పంతం పట్టి ఇంట్లోనే ఒక్కసారిగా మానేశాను. మర్నాటికే చేతుల్లో వణుకు, ఒళ్లంతా చెమటలు. మూడో రోజుకి గోడ మీద లేని చీమలు పాకుతూ కనిపించాయి. ఎక్కడున్నానో కూడా తెలియలేదు. అన్నయ్య ఆసుపత్రిలో చేర్చాడు. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు ఇలా ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చనీ, ప్రాణం మీదకీ రావచ్చనీ అక్కడే తెలిసింది. దయచేసి నాలా చెయ్యకండి, డాక్టర్ పర్యవేక్షణలో మానండి. వణుకు తగ్గడానికి మందులు, బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. వారానికి మనిషినయ్యాను.

కౌన్సెలింగ్‌లో "తాగితే నా మీద నాకు అదుపుండదు మేడమ్" అన్నాను. "తాగి ఎప్పుడైనా మీ ఆఫీసర్‌ని కొట్టారా?" అని అడిగారు డాక్టరమ్మ. లేదు. "తాగుడు జబ్బు, దానికి వైద్యం చేస్తాం. కొట్టడం జబ్బు కాదు. దాన్ని తాగుడు మీదకి నెట్టకండి."

నా భార్య ఎనిమిది నెలలు చూసి, తన షరతుల మీద తిరిగొచ్చింది. రాకపోయినా తప్పు పట్టే హక్కు నాకు లేదు.

ఆ తర్వాత ఒక సాయంత్రం నా చేతిలోంచి స్టీలు గ్లాసు జారిపడింది. పాప రెండు చెవులూ మూసుకుని గోడకి అతుక్కుపోయింది. నేను చుక్క ముట్టి అప్పటికి ఏడాది. ఆ సంగతి దాని ఒంటికి ఇంకా తెలియదు. దగ్గరికి వెళ్లకుండా దూరంగా నేల మీద కూర్చున్నాను. "గ్లాసు జారిందమ్మా, ఎవరికీ కోపం లేదు" అన్నాను. చాలాసేపటికి చేతులు దించింది. ఆ వారమే దానికీ కౌన్సెలింగ్ మొదలుపెట్టించాం.

మొన్న రాత్రి పడుకోమంటే, "పడుకోను, బొమ్మ ఇంకా అవ్వలేదు!" అని నా మొహంలోకి సూటిగా చూస్తూ కాలు నేలకేసి కొట్టింది. అది నాకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. అన్నాళ్లూ బుద్ధిమంతురాలు అనుకున్నాను. రంగు పెన్సిళ్లు చెక్కి ఇచ్చి, బొమ్మ అయ్యేదాకా పక్కనే కూర్చున్నాను.